బంతిలో వలపక్షం

మార్చి నెల, శుక్రవారం మధ్యాహ్నం. గల్ఫ్‌లో మనవాళ్లు చేరే బజారు, రూవి. ఉన్నవాళ్లు: నేను, మా అమ్మాయి లలిత, అల్లుడు.

వీధి మలుపులోనే గోంగూర తాలింపు వాసన తగిలింది. ఎండుమిరప, వెల్లుల్లి కలిసిన ఆ ఘాటుకు నా కాళ్లు ఆగిపోయాయి. ఒకప్పుడు రత్నమ్మ వంట చేసిన హోటల్ అది. ఇప్పుడు అద్దాల తలుపులు, లోపల ఏసీ, ఫొటోలు దిగడానికి గోడ మీద ఎడ్లబండి బొమ్మ. పక్కసందులో మాత్రం, నెత్తిన ఎండ, సైటు బట్టల్లో మనుషులు పార్సిల్ కోసం నిలబడి ఉన్నారు. "నాన్నా, లోపలికి రండి, చల్లగా ఉంది," అంది లలిత. నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో వాళ్లకు చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

రత్నమ్మది కడప వైపు పల్లె. ఇదే నగరంలో ఘుబ్రా వైపు ఒక ఇంట్లో పనికి వచ్చి, ఆ తర్వాత ఈ హోటల్లో వంటకు కుదిరింది. కూతురి నర్సింగ్ చదువు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండాలని ఆమె పంతం. అల్ ఖువైర్‌లో బ్యాంకు ఉద్యోగిగా చేరిన నేను, కుటుంబం వచ్చేదాకా భోజనం అక్కడే చేసేవాణ్ణి. శుక్రవారం వస్తే రూవి అంతా మనవాళ్లే. కంపెనీ బస్సులు దిగినవాళ్లు ఫోన్లు, చీరలు, దుప్పట్లు బేరం చేసి, ములక్కాడలూ దొండకాయలూ అమ్మే కొట్ల మీదుగా ఆ హోటల్‌కే చేరేవారు. పొడుగు బల్లల ముందు అందరూ ఒకే వరుస. రత్నమ్మ దాన్ని బంతి అనేది.

మొదటిరోజే నేను, "ఆలస్యమవుతోంది, ముందు నాకు వడ్డించమ్మా," అన్నాను.

గరిటె ఆగింది. "ఏం సార్, ఆకలిలో కూడా మీ బ్యాంకులో మాదిరి పెద్ద పోస్టు, చిన్న పోస్టు ఉంటాదా? బంతిలో వలపక్షం నా కాడ లేదు. కూచోండి."

పక్కనున్న జగిత్యాల మేస్త్రీ నవ్వాడు. "అక్క తాన మీ సంతకం చెల్లదు సార్!"

ఒకే వరుసలో కూర్చున్నవారిలో ఒకరికి నెయ్యి, ఇంకొకరికి నీళ్లచారు పోయడమే వలపక్షం. చిన్నప్పుడు పెళ్లిభోజనాల దగ్గర పెద్దలు గొణుక్కోగా విన్న మాట. దాన్ని చూసి గొణగడం కాదు, మండిపడాలని నేర్పింది రత్నమ్మే.

తర్వాత రూవి తిండికి పేరొచ్చింది. కార్లలో కుటుంబాలు రావడం మొదలైంది. యజమాని మనవాడే, తెలుగువాడే. ఒక శుక్రవారం కొత్త నియమం పెట్టాడు. సైటు బట్టలవాళ్లు లోపల కూర్చోకూడదు, సందులోంచి పార్సిల్ పట్టుకెళ్లాలి.

"ఫ్యామిలీలు వాసన అంటున్నారమ్మా," అన్నాడు.

"ఎండలో గోడ కట్టొచ్చినోడి కాడ చెమట వాసన రాక అత్తరు వాసన వస్తాదా?"

"నీ వీసా నా చేతిలో ఉంది. గుర్తుంచుకో."

"వీసా నీ చేతిలో ఉండాది. గరిటె నా చేతిలో ఉండాది."

అన్నం గిన్నెలకు మూతలు పెట్టేసి గుమ్మంలోకి వచ్చి కేకేసింది. "రాండి నాయనా, కూచోండి! మీరు కూచునేదాకా ఈ హోటల్లో ఎవురికీ మెతుకు పడదు." వాళ్లు బెదురుతూనే వచ్చారు. కొన్ని కుటుంబాలు ముక్కు చిట్లించి లేచిపోయాయి. ఏం పోయింది వాళ్లకు? పక్కవాడు తింటుంటే వీళ్ల అన్నం విషమవుతుందా? ఆ బంతిలో నేనూ కూర్చున్నాను. రత్నమ్మ ఆ చివరినుంచి ఈ చివరిదాకా మారు అన్నం కూడా వడ్డించింది. యజమాని గల్లా దగ్గర ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం వెళ్లేసరికి హోటల్ ముందు కారు ఆగి ఉంది. వీసా రద్దు చేయించి, విమానం టికెట్ తెప్పించాడట. రత్నమ్మ వెనకసీట్లో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. కూతురికి ఇంకా ఒక ఏడాది చదువు మిగిలే ఉంది. నేను కారు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"ఏంది సార్ ఆ మొకం?" అంది కసురుతూ. "ఏడ్సేదానికి ఇంటికాడ నా బిడ్డ ఉండాది. మీరు కోపం తెచ్చుకోండి."

కారు వెళ్లిపోయింది. తెచ్చుకున్నాను రత్నమ్మా. ఇన్నేళ్లయినా చల్లారనివ్వలేదు.