బ్రేకు లేని ఇల్లు

2023 ఏప్రిల్. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే మీద, ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటినాక ఒక మొరం మిట్ట మీద నా షెడ్డు. షెడ్డు వాకిలి నుంచి రోడ్డు దాకా నేల వాలుగా దిగిపోతుంది. ట్రాక్టర్ ట్రాలీలకు ఇరుసులు మార్చడం, కమాను కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు వేయడం, విరిగిన చాసిస్‌లకు వెల్డింగు పెట్టడం నా పని. దీనితోపాటు కథలు చెప్పే అలవాటూ ఉంది. సుంకన్న చెప్పేదాన్ని సగానికి సగం తగ్గించి వినండని మా ఇంటామె కస్టమర్లకు టీ ఇచ్చేటప్పుడే చెప్పేస్తుంది. ఈ ఒక్కటి మాత్రం తగ్గించకుండా వినండి. తగ్గించే వీలుంటే ముందు నేనే తగ్గించుకొని సుఖంగా ఉండేవాణ్ణి.

ఆ రోజు ఎండ నెత్తికెక్కే వేళకు ఒక పాత జీపు వచ్చి ఆగింది. దాని వెనక తెల్లటి ట్రావెల్ ట్రైలర్. అంటే చక్రాల మీద నిలబెట్టిన చిన్న గది. ఇంజను ఉండదు, ముందు బండికి తగిలించి లాక్కుపోవాలి. లోపల ఒక మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు, మూలన మరుగుదొడ్డి. మా పక్క అటువంటి బండి కనబడటమే అరుదు. నేనూ అంతవరకు దాని కింద దూరింది లేదు.

జీపు దిగినాయన పేరు మౌలాలి. ఆలూరు మనిషి. జన్మంతా లారీ నడిపి మానేసినాడు. ముందు సీట్లో కాళ్లు చాపుకొని కూర్చున్నామె ఆయన భార్య ఖాసింబీ. మోకాళ్లు అరిగిపోయి బస్సు మెట్టెక్కలేదు. కడపలో ఉన్న చెల్లెల్ని చూసి నాలుగేళ్లయింది. దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి పడుకోబెట్టొచ్చని, మరుగుదొడ్డికి ఇబ్బంది ఉండదని మౌలాలి ఈ ట్రైలర్‌ను బెంగళూరులో పాతది కొన్నాడట. ఇదే మొదటి ప్రయాణం.

"సుంకన్న అంటే నువ్వేనాప్పా? బండి ఒక పక్కకు ఒరుగుతాండాది, చూడు" అన్నాడు మౌలాలి.

"ఒరిగేది కాదప్పా, ఎనక ఎవరో పట్టుకొని ఊపుతాండారు" అని ఖాసింబీ జీపులోంచే అందుకుంది. "పక్కన లారీ పోయిందంటే సాలు, నా పానం నా దగ్గర ఉండల్యా. ఈయప్పకేమో చెవుడు."

"చెవుడు గాదు, నీ మాట ఇనీ ఇనీ బండి చప్పుడు ఇనపడ్డంల్యా."

నేను కింద పడుకొని చూశాను. దానికున్నది టార్షన్ యాక్సిల్ అనే రకం ఇరుసు. మన ట్రాలీల్లో లాగా కమాను కట్టలుండవు. చదరపు ఇనుప గొట్టంలో రబ్బరు కడ్డీలు బిగించి ఉంటాయి. చక్రం ఎగిరినప్పుడు ఆ రబ్బరే నలిగి దెబ్బ కాచుకుంటుంది. జాకీ పెట్టి లేపితే చక్రం కొంచెం కిందికి వేలాడాలి. ఇది వేలాడలేదు. రబ్బరు చచ్చిపోయింది. టైర్లు లోపలి అంచుల్లో దారాలు తేలేదాకా అరిగినాయి. అంతవరకు నాకు భయం లేదు. గొట్టాన్ని బ్రష్షుతో గీకి, తుప్పు రాలినాక వెల్డింగు పక్కన గోరు పెట్టి రాసినప్పుడు, గోరు ఆగింది. వెంట్రుక మందం పగులు. గొట్టం చుట్టూ సగం దూరం పోయింది.

ఆలూరు నుంచి ఈ పగులు మీదనే వచ్చినారు. మరో నాలుగు పెద్ద గుంతలు తగిలితే చక్రం ఒకటి తన దారిన పోయేది. మిగతా బరువంతా జీపును పక్కకు లాగి, ఎదురుగా వచ్చే దాని కిందికి తోసేది. నేను లేచి మౌలాలిని పక్కకు పిలిచి, వేలు పట్టుకొని ఆ పగులు మీద పెట్టించాను. లారీ మనిషి, చెప్పే పని లేకపోయింది. ఆయన నుదుటి మీద చెమట ఎండకు పట్టింది కాదు.

"ఆమెకు చెప్పొద్దప్పా. తెలిస్తే ఈన్నుంచే ఎనక్కి తిప్పమంటాది. మళ్ళా జన్మలో బండెక్కదు."

చెప్పలేదు. రబ్బరు పాతబడింది, మారుస్తాం అన్నాను. అటువంటి యాక్సిల్ మా పక్క దొరకదు. అందుకని చదరపు కడ్డీతో కొత్త ఇరుసు చేయించి, కింద కమాను కట్టలు వేయడానికి ఒప్పందం. కర్నూలులో లేత్ మీద స్పిండిల్ తిప్పించుకొచ్చాను. స్పిండిల్ అంటే ఇరుసు చివర చక్రం తిరిగే గుండ్రటి కొస. దాని మీద బేరింగులు, వాటి మీద చక్రాన్ని మోసే హబ్. ఇవన్నీ అయ్యేసరికి రెండు రోజులు. భార్యాభర్తలు మా ఇంట్లోనే తిని, షెడ్డు పక్క గదిలో పడుకున్నారు.

పాత ఇరుసును విప్పడం నాకు ఇష్టం లేని భాగం. బోల్టులు తుప్పుతో ఒకటైపోయినాయి. ట్రైలర్‌ను చెక్క దిమ్మెల మీద నిలబెట్టి, కింద వెల్లకిలా పడుకొని గ్యాసుతో కోశాను. ట్రాక్టర్ ట్రాలీ అయితే గాలికి కదలదు. ఇది రేకుల డబ్బా. గుట్టల మీద నుంచి సుడిగాలి వచ్చి తగిలినప్పుడల్లా నా ముక్కుకు జానెడు పైన ఆ ఇల్లంతా కిర్రుమని ఊగేది. ఊగినప్పుడల్లా నేను కోయడం ఆపి దిమ్మెలను చూసేవాణ్ణి. బయట నీడలో కుర్చీలో కూర్చున్న ఖాసింబీకి నా కాళ్లు మాత్రమే కనిపించేవి.

"ఏమప్పా, కాళ్లు వణుకుతాండాయి?"

"వణికేది కాదక్కా, తాళం."

నా భయం ఆమెకు అంటకూడదని, ఆమె భయం నాకు అంటకూడదని, ఆ రెండు రోజులూ కథలు చెబుతూనే ఉన్నాను. ఒకసారి నేను చేసిన ట్రాలీ ఎంత నున్నగా నడిచేదంటే, రైతు ట్రాక్టర్ విప్పి అన్నానికి పోతే, అది దాని పాటికది ఆలూరు సంతకు పోయి ఉల్లిగడ్డలు దించి తిరిగొచ్చిందని చెప్పాను.

"ఉల్లిగడ్డలకు ధర ఎవరు మాట్లాడినారప్పా?" అంది ఖాసింబీ.

"ట్రాలీనే."

"మేలు. మా ఆయనకన్నా నయం."

రెండో రోజు సాయంత్రానికి కొత్త టైర్లతో సహా పని ముగిసింది. ఇరుసు వంకర లేకుండా కూర్చుందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు, జీపుకు తగిలించే కొక్కెం నుంచి ఒక్కో చక్రం దాకా పురికొస లాగి, రెండు పక్కలా ఒకే పొడవు వస్తే సరి. వచ్చింది. ట్రైలర్‌ను నేనూ మౌలాలీ షెడ్డులోంచి బయటికి తోసి, మూతి రోడ్డు వైపు పెట్టి, రెండు చక్రాల ముందర రెండు రాళ్లు వేశాం. విప్పిన ట్రైలర్ మూతి కింద ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని జాకీ వీల్ అంటారు. మూతి బరువును మోస్తుంది, తోసేటప్పుడు దొర్లుతుంది. అంతే. బ్రేకు దానికీ లేదు, వెనక పెద్ద చక్రాలకూ లేదు. ఆ ఇంటిని నేల మీద నిలబెట్టింది ఆ రెండు రాళ్లే.

మంచం సమంగా ఉందో లేదో తానే పడుకొని చూస్తానంది ఖాసింబీ. ఇద్దరం ఎత్తి లోపల పడుకోబెట్టాం. మంచం పక్క కిటికీని ఆమే తెరిచింది. మౌలాలి జీపును వెనక్కి తెచ్చి తగిలిస్తాడని, నేను మూతి దగ్గర కూర్చొని కొక్కెం గిన్నెకు గ్రీజు పూస్తున్నాను. పక్కన ఇనుప రాడ్డు.

జీపు తేవడానికి ముందు మౌలాలి జేబులోంచి రెండు నిమ్మకాయలు తీశాడు. కొత్త ఇరుసు వేసినా, కొత్త టైరు వేసినా, చక్రంతో నిమ్మకాయ తొక్కించకుండా బండి కదిలించే డ్రైవరు మా సీమలో లేడు. హిందువని లేదు, ముస్లిమని లేదు. ఆయన జన్మంతా చేసినట్టే చేశాడు. చక్రం ముందర రాయి తీసి, అక్కడ నిమ్మకాయ పెట్టడం ఆయన పద్ధతి. లారీలో హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటుంది గనక రాయి ఊరికే జాగ్రత్తకు. తీస్తే ఏమీ కాదు. ఆయన చేతికి ఇంకా లారీ అలవాటే. అవతలి పక్క మొదటి రాయి తీశాడు, నిమ్మకాయ పెట్టాడు. ఇవతలికి వచ్చి, కిటికీ కింద వంగి, రెండో రాయి తీశాడు.

నాకు ముందు వినబడింది నిమ్మకాయ చిట్లిన చప్పుడు. తల ఎత్తేలోపల జాకీ వీల్ నా మోకాలికి తగిలింది.

"అక్కా! మంచం పట్టుకో! బండి పోతాంది!"

లోపల్నుంచి నవ్వు. "మళ్ళా సంతకేనాప్పా?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మరుక్షణం లోపల గిన్నెలు పడ్డాయి. నవ్వు ఆగిపోయి "యా అల్లా" అని ఒక్క కేక. మౌలాలి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, అది ఆయన్ను ఈడ్చుకుపోతోంది. చక్రాన్ని పట్టుకొని ఎవరు ఆపగలరు? కింద హైవే మీద నంద్యాల వైపు నుంచి సిమెంటు లారీ ఒకటి దిగుతోంది. దాని హారన్ మొదలైంది.

నేను రాడ్డు పట్టుకొని మూతి పక్కనే వెనక్కి వెనక్కి పరిగెత్తాను. కాలు జారితే ఆ మూతి నా మీదుగానే పోతుంది. ఒకసారి పొడిచాను, తప్పిపోయింది. రెండోసారి రాడ్డు జాకీ వీల్ ఆకుల మధ్య దూరింది. రాడ్డు నా చేతుల్లోంచి విదిలించుకుపోయింది, చక్రం అడ్డం తిరిగింది, దాని కాలు మడతపడింది, మూతి దబ్బుమని నేలకు కొట్టుకుంది. మొరంలో నాగలి పట్టినట్టు చాలు చీల్చుకుంటూ పోయి, రోడ్డు అంచు తెల్లగీత ముందర ఆగింది. లారీ గాలి మా ముఖాలకు కొట్టి వెళ్లిపోయింది.

నేను తలుపు తెరవడానికి భయపడ్డాను. బండ్ల పనిలో ఎన్నో చూశాను గానీ, ఒక తలుపు తెరవడానికి అంత భయపడింది ఎప్పుడూ లేదు.

తెరిస్తే, ఖాసింబీ మంచం కమ్మిని రెండు చేతులతో కరుచుకొని కూర్చొని ఉంది. ముఖం పాలిపోయింది. ఒంటి మీద మాత్రం ఎక్కడా దెబ్బ లేదు.

"ఎవరప్పా రాయి తీసింది?" అంది.

నా వెనక మౌలాలి నిలబడి ఉన్నాడు. చేతుల తోలు లేచిపోయింది. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి నిజం వస్తే ఆమె ఇక ఆయన నడిపే బండి ఎక్కదు, ఆయన ఇక బండి ముట్టడు, కడపలో చెల్లెలు అక్కడే, ఈమె ఇక్కడే. నేను అడ్డుకున్నాను.

"నేనేక్కా. నిమ్మకాయ పెట్టాలని తీసినా. బుద్ధి గడ్డి తినింది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "సరేలేప్పా" అంది.

మౌలాలి జీపు తేవడానికి వెళ్లాడు. కొంత దూరం పోయినాక ఆమె గొంతు తగ్గించి పిలిచింది.

"సుంకన్నా, ఈడికి రా. కిటికీ తెరిచే ఉండె గదా. రాయి ఎవరి చేతిలో ఉండెనో చూసినాలే."

నేను వెనక్కి తిరిగి మౌలాలి ఎంత దూరంలో ఉన్నాడో చూశాను.

"ఆయనతో అనొద్దు. నేను చూసినానని తెలిస్తే ఇంగ స్టీరింగు ముట్టడు ఆ మనిషి. నన్ను తిప్పాలని బండి కొన్నాడప్పా. నువ్వు తీసినావనే నేను నమ్మినానని అనుకోనీ."

"భయం ల్యాదా అక్కా?"

"ఎందుకుండదు? పేగులు యాడున్నాయో తెలీడంల్యా. అట్లని ఇంటికి పోయి గోడల్ని చూస్తా కూసోమంటావా?"

వంగిన జాకీ వీల్ కాలును సరిచేసి వాళ్లను ఆ సాయంత్రమే పంపించాను. ఆమె ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చుంది. "నిదానంగా పోనీ, యాడా తొందర ల్యాదు" అని ఆయనతో మామూలుగానే అంది. ఒక చేయి మాత్రం సీటు కింద, ఆయనకు కనబడని వైపు, ఇనుప కడ్డీని పిడికిలి బిగించి పట్టుకొని ఉంది.

కొత్త ఇరుసు వేసినాక కొంత దూరం నడిపించి, ఆపి, హబ్‌ను అరచేత్తో ముట్టి చూడాలి. బేరింగు బిగుతుగా ఉంటే హబ్ చేయి పెట్టలేనంత కాలుతుంది. నేను మోటర్‌సైకిల్ మీద వెంటే పోయి, పాణ్యం దగ్గర ఆపించి, రెండు పక్కలా ముట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. అట్లనే ఉండాలి.

ఖాసింబీ కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఏమప్పా, బాగుండాదా?"

ఒక కథ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చేతులు తుడుచుకొని, ఆమె ఎదురుగా పోయి నిలబడి, "బాగుండాదక్కా. కడప దాకా దీనికేమీ కాదు" అన్నాను.

ఆమె నిజమేనా అని నా కళ్లలో వెతికింది. సీటు కింది చేయి మెల్లగా పైకి వచ్చి ఒళ్లో పడింది. "పోనీ" అంది మౌలాలితో.

ఇప్పుడు నా షెడ్డులో కొక్కెం తగిలించేదాకా రాయి ముట్టడానికి ఎవరికీ అనుమతి లేదు. ఆ తర్వాతే నిమ్మకాయలు. కథలు మానలేదు, మానలేను. కానీ చక్రం కింద రాయి ఉన్నదీ లేనిదీ, హబ్ కాలుతున్నదీ లేనిదీ చెప్పాల్సి వచ్చినప్పుడు, చేతిలో పని ఆపేస్తాను. లేచి, మనిషి ఎదురుగా నిలబడి చెబుతాను. ఆ ఒక్క మాటకు ఎవరూ నవ్వకూడదు.