బావురుపిల్లి కోసం ప్రార్థన

ఆ చదువుకునే రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నిరాశే. నవ్వు ఆ తరువాత ఎప్పుడో నింపాదిగా వస్తుంది. జంతుశాస్త్రం చదివేవాళ్లంటే పొద్దున లేచి పులినో ఎలుగుబంటినో పలకరించి కాలేజీకి వెళతారని మా చుట్టాలు అనుకునేవారు. నిజానికి డిగ్రీ అయిపోయేదాకా నేను కళ్లారా చూసిన అడవి జంతువు ఒక్కటీ లేదు. ఒకటో తరగతి గోడ మీద సింహం, జిరాఫీ బొమ్మలు చూశాను. పెద్దయ్యాక కంగారూ సంచి గురించి పెద్ద ప్రశ్నలకు జవాబులు రాశాను. ధ్రువపు ఎలుగుబంటి చలిని ఎలా తట్టుకుంటుందో నాయుడుపేటలో నడి ఎండాకాలం, కరెంటు పోయిన గదిలో, అట్టముక్కతో విసురుకుంటూ బట్టీ పట్టాను. మా ఊరి చుట్టుపక్కల ఏం జంతువులు తిరుగుతాయో ఏ పుస్తకమూ చెప్పలేదు, నేనూ ఏ పుస్తకాన్నీ అడగలేదు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదికి వచ్చాక ప్రాజెక్టు అన్నారు. ఎవరికి వారు ఒక జంతువును ఎంచుకుని, అది బతికే చోటికి వెళ్లి, చూసి, ఫోటో తీసి, రాసుకురావాలి. తెలివైన వాళ్లంతా కొంగలు, కప్పలు, సీతాకోకచిలుకలు (అంటే పిలవకపోయినా వచ్చేవి) తీసుకున్నారు. నేను బావురుపిల్లిని తీసుకున్నాను. నన్ను అందులోకి దింపింది చేపలక్క. వాకాడు పక్కన సముద్రపు కాలువ ఒడ్డున ఉండే పాళెం నుంచి మా వీధికి చేపలు తెచ్చి అమ్మే ఆమెను మేమంతా అలాగే పిలిచేవాళ్లం. "మా కాలవ గట్టున ఉండాది పాపా ఆ పిల్లి. మొన్న నా గంపలో చేపలు ఎత్తుకపోయింది, దాని కడుపు కాలా" అని ఆమె తిట్టుకుంటుంటే నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. బావురుపిల్లి ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటి నిండా మచ్చలుంటాయి, జమ్ముగడ్డిలో దాక్కుని నీళ్లలో దిగి చేపలు పడుతుంది, మనిషి అలికిడైతే చాలు మాయమవుతుంది. ఈ చివరి లక్షణం పరీక్షలో రాయడానికి పనికొస్తుందనుకున్నానే తప్ప, నా నెత్తికే చుట్టుకుంటుందనుకోలేదు. మా మేడం మాత్రం అప్పుడే హెచ్చరించారు. "బాగుందమ్మా. కానీ ఒక్క ఫోటో అయినా ఉండాలి. లేకపోతే ప్రాజెక్టు ఒప్పుకోను, మళ్లీ ఏడాది చేయాల్సిందే" అన్నారు. మళ్లీ ఏడాది చదివించే స్తోమత మా ఇంట్లో లేదు. నాన్న పోయాక అమ్మ జాకెట్లు కుట్టి నడుపుతున్న సంసారం అది. డిగ్రీ రాకపోతే నన్ను తన జిరాక్సు షాపులో కూర్చోబెడతానని పెదనాన్న ముందే మాట ఇచ్చి ఉన్నాడు.

అమ్మ ఈ సంగతి విని రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, ఆడపిల్లను ఒంటరిగా గడ్డిలోకి పంపకూడదు కాబట్టి తనూ నా వెంట వస్తుంది. రెండు, ఆదివారం గుడిలో విన్నపం పెడుతుంది. మా చర్చిలో ప్రసంగం అయ్యాక అయ్యగారు (పాస్టరు గారిని మేమలా పిలుస్తాం) ఎవరికేం కావాలో అడుగుతారు. ఒకరు మోకాళ్ల నొప్పులంటారు, ఒకరు బిడ్డ ఉద్యోగం అంటారు. ఆ ఆదివారం అమ్మ లేచి నిలబడి, "మా పాపకు బావురుపిల్లి కనపడాలయ్యగారూ, కనపడకపోతే డిగ్రీ రాదంట" అంది. ఎన్నో ఏళ్లుగా ఎన్నిటికో ప్రార్థన చేసిన అయ్యగారు ఒక్క క్షణం తడబడ్డారు. వెంటనే సర్దుకుని, జంతువులన్నిటినీ జతలు జతలుగా ఓడలోకి నడిపించిన దేవా, ఈ ఒక్కదాన్ని ఈ బిడ్డ ముందుకు నడిపించు తండ్రీ అని కళ్లు మూసుకుని వేడుకున్నారు. సంఘమంతా ఆమేన్ అంది. ముందు వరుసలో కూర్చునే పెద్దాయనకు మాత్రం, లోకాంతానికి మృగం వస్తుందని బైబిల్లో ఉండగా, అది ప్రత్యక్షం కావాలని మనంతట మనమే అడగడం మంచిదేనా అని అనుమానం వచ్చింది. "పిల్లే గదన్నా, పర్వాలేదు" అని అయ్యగారు సర్దిచెప్పారు. పిల్లే గదా అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరినీ చుట్టూ పోగేసుకుని, అది మామూలు పిల్లి కాదని, పులి కుటుంబమేనని, పళ్లూ గోళ్లూ అన్నీ అదే తీరని చేతులు తిప్పుతూ వర్ణించాను. అప్పుడు అమ్మ ముఖం ఒకసారి చూడాల్సింది. చూడలేదు.

ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం మా ప్రయాణం మొదలైంది. నాయుడుపేటలో బస్సెక్కి వాకాడులో దిగడం, షేర్ ఆటోలో పాళెం చేరడం, చేపలక్క ఇంట్లో పడుకుని తెల్లవారేసరికి కాలువ గట్టు మీద తాటిచెట్టు మొదట్లో చాప వేసుకుని కూర్చోవడం. నా దగ్గర డిపార్టుమెంటు వాళ్లిచ్చిన ఒంటికన్ను బైనాక్యులర్స్ (రెండో కన్నులో బూజు పట్టింది), ఒక ఫోను. అమ్మ దగ్గర కారేజీ, చెంబు, గొడుగు, దుప్పటి. కూర్చున్న వెంటనే అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదపడం మొదలుపెట్టేది. నాకోసం ఎంత పట్టుదలగా ప్రార్థన చేస్తోందో అని నా గుండె కరిగిపోయేది. కానీ అటు జమ్ము కాస్త కదలగానే ఇటు అమ్మకు దగ్గు వచ్చేది. దగ్గు రాకపోతే కారేజీ మూత జారిపడేది. ఒకసారైతే ఏమీ లేకుండానే "ఈ ఎండిన మట్టలన్నీ ఎవురికీ పనికిరావా చేపలక్కా" అని పాళెం దాకా వినపడేలా అడిగింది. చేపలక్క ఆ సమయంలో అక్కడ లేనే లేదు. "మాట్లాడొద్దమ్మా" అని బతిమాలితే, "ఉప్పుగాలి పడలేదు పాపా, గొంతు గరగర అంటా ఉండాది" అనేది. పాపం, నాకోసం ఆరోగ్యం కూడా పాడుచేసుకుంటోందని నేనే అల్లం తెచ్చి పెట్టాను.

చేపలక్క కూడా తన వంతు సాయం తాను చేసింది. "మా గంగమ్మ తల్లికి కూడా చెప్పినా, చూపిస్తాది లే" అంది. (ఆ మాట విన్నాక అమ్మ చాలాసేపు ఇబ్బందిగా కదిలింది.) అంతటితో ఆగకుండా ఒక రోజు చేపల పేగులు తెచ్చి గట్టు పొడవునా పరిచింది. పాళెంలో కుక్కలన్నీ వచ్చాయి. వాటి వెనక కాకులన్నీ వచ్చాయి. వాటన్నిటి ఫోటోలూ చాలా స్పష్టంగా వచ్చాయి.

నెలలు గడిచాయి. చర్చిలో, వీధిలో, పాలకేంద్రం దగ్గర, అందరిదీ ఒకే ప్రశ్న, "కనపడ్డదా?" అని. లేదని చెప్పినప్పుడల్లా వాళ్లు నావైపు జాలిగా చూసి, విశ్వాసం చాలలేదేమో అన్నట్టు తల ఊపేవారు. స్త్రీల సమాజం వాళ్లు ఒక పూట ఉపవాసం కూడా ఉన్నారు. ఒక పిల్లి కోసం అంతమంది ఆడవాళ్లు అన్నం మానేశారంటే నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. అడవి జంతువుల గురించి నేర్చుకోవడమంటే ఇదేనా అని రోజూ కుమిలిపోయేదాన్ని. దాని పళ్లెన్నో నాకు తెలుసు. దాని శాస్త్రీయ నామం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. దాని కాలివేళ్ల మధ్య చర్మం ఎలా ఉంటుందో బొమ్మ గీయగలను. తడిమట్టిలో అప్పుడే నడిచి వెళ్లినట్టు తాజాగా ఉన్న దాని అడుగులకు ఫోటోలు కూడా తీశాను. అది మాత్రం లేదు. జమ్ములో కూర్చుని అదే నన్ను చాలాసార్లు చూసి ఉంటుంది. నా గురించి దానికి తెలిసినంత దాని గురించి నాకు తెలియదు. ఒక శనివారం ఇంటికి రాగానే పెదనాన్న షాపులో నాకోసం కొత్త కుర్చీ కొని, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంచాడని తెలిసింది.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువుకు ముందు వచ్చిన ఆఖరి శనివారం అది. మంచు విడుతోంది. ఆటుకు కాలువలో నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది. అవతలి గట్టున జమ్ము చీలి, బూడిద రంగు వీపు ఒకటి కనపడింది. వీపు మీద మచ్చలు. ఫోను ఎత్తాను. ఇంకో అడుగు వేస్తే తల బయటికి వస్తుంది. సరిగ్గా అప్పుడు అమ్మ దగ్గింది. ఒకసారి కాదు, ఆగకుండా, ఒళ్లంతా కదిలిపోయేలా దగ్గింది. జమ్ము మూసుకుపోయింది. ఫోటోలో గడ్డి వచ్చింది.

నేను ఫోను చాప మీద పడేసి ఏడ్చేశాను. ఏడుస్తూనే అమ్మను నానా మాటలూ అన్నాను. నా బతుకు షాపు పాలు చేశావన్నాను, ఈ పాడు దగ్గుతో ఎందుకొచ్చావన్నాను. అమ్మ అన్నీ విని, కొంగుతో చేతులు తుడుచుకుని, "దగ్గు రాలేదు పాపా. నేనే దగ్గినా" అంది.

"కావాలనా?"

"కావాలనే. మూత కూడా నేనే పడేసినా."

"ఎందుకమ్మా?"

"పులి కుటుంబం అని నువ్వే గదా చెప్పినావు. పళ్లు, గోళ్లు అని చేతులు తిప్పి చూపించినావు. నువ్వేమో ఆ గడ్డిలోకి ముఖం పెట్టుకొని కూర్చుంటావు. మీ నాయన పోయినాక నాకుండేది నువ్వొక్కదానివే. అది నీ మీదికి దూకితే ఆ డిగ్రీ నేనేం చేసుకునేది?"

"మరి ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశావు గదా?"

"చేసినా. సంఘమంతా కనపడాలని చేస్తా ఉండారు. నేను ఈడ కూర్చొని కనపడకూడదని చేస్తా ఉండా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే ఇంటి నుంచి రెండు విన్నపాలు ఎదురెదురుగా వెళుతుంటే పైనున్న ఆయన మాత్రం ఏం చేస్తాడు? సంఘం చేసిన ఉపవాసాన్నీ, అయ్యగారి వాక్చాతుర్యాన్నీ, గంగమ్మ తల్లి సిఫారసునూ పక్కనబెట్టి ఆయన మా అమ్మ మాటే విన్నాడు. అప్పటికే మా గొంతులు విని పరిగెత్తుకొచ్చిన చేపలక్క సంగతి తెలుసుకుని, "కన్నతల్లి అట్ట అడగతా ఉంటే మా గంగమ్మ ఎట్ట చూపిస్తాది" అని వాళ్ల దేవతను వెనకేసుకొచ్చింది. తిరుగు బస్సులో నేను అమ్మతో మాట్లాడలేదు. అమ్మ నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి, కారేజీలో మిగిలిన అట్టు నా ఒళ్లో పెట్టింది. ఆకలికి తట్టుకోలేక తిన్నాను గానీ మాట్లాడలేదు.

సోమవారం మేడం ముందు నిలబడ్డాను. "చూశావా?" అన్నారు. వీపు చూశానన్నాను. "ఫోటో?" అన్నారు. "మా అమ్మ దగ్గింది మేడం" అన్నాను. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి దగ్గు, మూత, ప్రార్థన, మొత్తం చెప్పేశాను. మేడం కళ్లద్దాలు తీసి కిటికీ వైపు తిరిగారు. ఆమె భుజాలు కదులుతుంటే తిడతారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. "అడుగుల ఫోటోలున్నాయి కదా, అవి పెట్టు. ఎన్ని వారాలు కూర్చున్నా మనుషుల అలికిడి వల్ల జంతువు బయటికి రాలేదని రాయి. అది కూడా ఒక ఫలితమే" అన్నారు. ఆ విధంగా మా అమ్మ శాస్త్రంలోకి ఎక్కింది. పేరు లేకుండా, మనుషుల అలికిడి అనే శీర్షిక కింద. అరకొర మార్కులతో నేను గట్టెక్కాను. పెదనాన్న ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.

ఫలితాలు వచ్చాక తొలి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని అయ్యగారు మమ్మల్ని అడిగారు. నేను బెంచీ కిందికి దూరిపోదామా అనుకుంటుండగా అమ్మ లేచి నిలబడి, తడబాటు లేకుండా, "నేను అడిగింది అడిగినట్టు దేవుడు ఇచ్చినాడు. నా బిడ్డను కాపాడినాడు, డిగ్రీ కూడా ఇచ్చినాడు" అని చెప్పింది. సంఘమంతా హల్లెలూయ అంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదని ఆ చర్చిలో అమ్మ కాక తెలిసింది నా ఒక్కదానికే.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. ఏటా పిల్లల్ని ఆ కాలువ గట్లకే తీసుకెళ్లి, అన్నీ ఉన్నాయి కానీ కనపడవు అని చూపించి తీసుకొస్తుంటాను. మొన్న చలికాలంలో, తెల్లవారుతుండగా, జమ్ములోంచి బావురుపిల్లి నిండుగా బయటికొచ్చింది. నీళ్లలో ముంగాళ్లు పెట్టి, ఒక చేపను లాగి నోట కరుచుకుని, మావైపు తాపీగా చూసింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన దాన్ని కళ్లప్పగించి చూడాల్సింది. చూశాను కూడా. కానీ ఒక చేత్తో ముందు నిలబడ్డ పిల్ల చున్నీ పట్టుకుని వెనక్కి లాగుతూ చూశాను. "మేడం, మీరు లాగినారు, ఫోటో కదిలిపోయింది" అని ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది, కొంచెం కళ్లు కూడా చెమర్చాయి. తిరుగు బస్సు ఎక్కీ ఎక్కకముందే అమ్మ ఫోను చేసింది. వయసు మీదపడి ఇప్పుడు నా వెంట రాలేకపోతోంది గానీ, ఫోను మాత్రం తప్పదు.

"ఏమన్నా కనపడ్డదా పాపా?"

"ఏమీ కనపడలేదమ్మా."

"దేవునికి స్తోత్రం" అంది అమ్మ, ఎంతో తృప్తిగా.