మలుపు దగ్గరి గోరింట కంచె

నెల్లూరులో ఉప్పు బండ్లు తిరిగే వీధి మలుపున జైతూన్‌బీ ఇల్లు. భర్త పోయాక ఆమె కుట్టుమిషనుతో బతుకు నెట్టుకొచ్చింది. ఆ తొలి ఏడాదే పెరటి చుట్టూ గోరింట నాటింది. అది ఆరడుగులు దాటి దట్టంగా అల్లుకున్నాక, గోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పగటిపూట వచ్చి ఆ పెరట్లో కుట్టుపని నేర్చుకోసాగారు. 1963 నాటికి ఐదుగురు వస్తుండేవాళ్లు. అందరిలో చిన్నది ముంతాజ్. కంచె ఉందన్న నమ్మకంతోనే అత్తామామలు ఆమెను పంపేవాళ్లు.

ఆ జూలైలో మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. మలుపు నుంచి పదడుగుల దాకా కంచె మూడడుగులకు మించి ఎత్తు ఉండకూడదు, కొమ్మలు సైడు కాలవ మీదికి రాకూడదు, ఎనిమిది రోజుల్లో కొట్టించకపోతే మనుషులను పంపుతామని అందులో ఉంది. జైతూన్‌బీ ఎవరికీ చెప్పకుండా దాన్ని మడిచి సొరుగులో పెట్టేసింది. ఆ ఎనిమిది రోజులూ మిషను తొక్కుతూనే ఉన్నా, బయట ఏ బండి ఆగినా ఆమె కాలు ఆగిపోయేది.

తొమ్మిదో నాడు పొద్దున్నే మునిసిపల్ మేస్త్రీ చెంచయ్య ముగ్గురు కూలీలతో వచ్చాడు. కంచె మీద మొదటి వేటు పడగానే ఆడవాళ్లు ముసుగులు లాక్కుని గదిలోకి పరుగెత్తారు. జైతూన్‌బీ బురఖా తగిలించుకుని గేటు తీసింది.

"ఆపండి! లోపల ఆడోళ్లుండారు!"

"ఎనిమిది దినాలు టైమిచ్చినాం గదా బూబమ్మా," అన్నాడు చెంచయ్య. "నువ్వు పలకలా, ఉలకలా. నన్నేం జేయమంటావు?"

"నా స్థలంలో నేను నాటినా, నేను నీళ్లు పోసినా. ఇది ఎవురికి అడ్డమొచ్చింది?"

"బళ్లో చెప్పే సమాధానం పంతులుకు."

కిందటి నెల ఆ బడిపంతులును ఉప్పు బండి గుద్దిందని జైతూన్‌బీ విన్నది. బండివాడు తాగి ఉంటాడనుకుంది.

"తొడెముక ఇరిగి మంచాన పడుండాడు. ఈ కంచె చాటున బండోడికి మనిషి కనపళ్లా, మనిషికి ఎద్దులు కనపళ్లా. నమ్మకపోతే ఇట్టొచ్చి నువ్వే చూడు."

కూలీ ఎత్తిన కత్తి ఇంకా దించలేదు. వాడి మీద ఒక కన్ను వేసి ఉంచి ఆమె వీధిలోకి అడుగుపెట్టింది. ఎక్కడికి పోయినా గేటు దగ్గరే పరదా జట్కా ఎక్కే మనిషి. తన కంచెను వీధి వైపు నుంచి ఆమె ఏనాడూ చూడలేదు. కొమ్మలు కాలవ దాటి, మూరెడు మేర రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. వచ్చేపోయేవాళ్లు నడివీధిలో నడుస్తున్నారు.

ఆమె మలుపు దాకా పోయి నిలబడింది. ఎక్కడో ఎద్దుల మెడ గంటలు వినిపించాయి. ఏ పక్కనుంచో పోల్చుకునేలోపే చేతికందేంత దూరంలో కొమ్ములు కనిపించాయి.

"అమ్మా, పక్కకు!" చెంచయ్య కేకకు ఆమె వెనక్కి తూలి కంచెలో పడింది. బురఖా చర్రున చిరిగింది. బండి చక్రం ఆమె చెప్పును నలిపేసి పోయింది.

ఆమె లేచి లోపలికి పోయి, కొలత టేపు తెచ్చి, మలుపు నుంచి పదడుగులు తానే కొలిచి, అక్కడి కొమ్మకు గుడ్డపేలిక కట్టింది.

"ఈడిదాకా కొట్టండి. ఆ తట్టు వీధిలోకొచ్చిన కొమ్మలే గానీ, ఎత్తు మీద చెయ్యేస్తే ఊరుకోను. ముందు మా ఆడోళ్లను ఇళ్లకు పోనీండి."

"రూలు కూడా అంతే లేమ్మా," అని చెంచయ్య కూలీలను ఎదురు అరుగు మీద అటు తిప్పి కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు రెండు జట్కాల్లో వెళ్లిపోయాకే కత్తులు మళ్లీ లేచాయి. గదిలో కూర్చున్న జైతూన్‌బీకి ఒక్కో వేటూ ఒంటి మీద పడినట్టే ఉంది.

మర్నాడు సమాధానం పంతులు ఇంటికి పోయింది. గడప దగ్గరే నిలబడిపోతే, ఆయన భార్య సామ్రాజ్యం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పంతులు ఆమెను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆమెకు కష్టంగా తోచింది.

కుట్టుపని, కంచె ఎత్తు తగ్గని పెరటి రెండో కొసకు మారింది. నలుగురు తిరిగి వచ్చారు. ముంతాజ్‌ను మాత్రం అత్తామామలు పంపలేదు. జైతూన్‌బీ రెండు వారాలు చూసి, కత్తిరించిన బట్టలు మూటగట్టుకుని, జట్కా పిలవకుండా నడిచే వాళ్లింటికి పోయింది.

"పిల్ల మీ ఇంట్లోనే ఉంటుంది. నేనే వచ్చి నేర్పిస్తా," అంది అత్తతో.

అత్త ముంతాజ్‌ను పిలిచి చాప పరిచింది.