మచ్చలు తుడిచే చెయ్యి

తొంభైల్లో అమలాపురంలో నా స్టూడియోకి కొత్త ఫోటోలకంటే పాతవాటి పనే ఎక్కువ వచ్చేది. పోయిన పెద్దవాళ్ల ఫోటో తెచ్చి పెద్దది చేసిపెట్టమనేవారు. మా ఊరి తేమకి ప్రతిదాని మీదా తెల్లటి బూజు చుక్కలే. మొదట సన్న కుంచెతో కప్పేవాణ్ణి, కంప్యూటర్ వచ్చాక మౌస్‌తో తుడిచేవాణ్ణి. తెల్లచుక్క కనబడితే నా చెయ్యి ఊరుకోదు. దానికి తోడు నాకంటే బాగా ఎవరూ తుడవలేరని పొగరొకటి.

డిజిటల్ కెమెరా కొన్న మరుసటేడు చలికాలంలో, హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన మాస్టారు మామిడికుదురు నుంచి కబురుపెట్టారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. కంటి నరం దెబ్బతింటోంది, త్వరగా ఆపరేషన్ చేయించుకోకపోతే ఉన్న చూపూ పోతుందని కాకినాడ డాక్టరు చెప్పారట. ఆయనకి ఆపరేషనంటే భయం. భయమని ఒప్పుకోరు, డాక్టరు మాటకి రుజువు కావాలంటారు.

"రాత్రిపూట ఆకాశంలో గొల్లకావడి మూడు చుక్కలూ తెలుస్తున్నాయి గానీ కృత్తికలు, అదే పిల్లలకోడి గుంపు, కనబడ్డం లేదురా. ఇది మంచో, నా కళ్లో తేలాలి. ఇంట్లోవాళ్లకి చుక్కలంటే ఏం తెలుసు? డాబా మీంచి ఫోటో తియ్యి. ఉన్నదున్నట్టుండాలి సుమా."

"ఆయ్, అలాగేనండి."

ఆ రాత్రే తీశాను. మర్నాడు స్టూడియోలో తెరిస్తే ఆకాశం బూడిదరంగులో ఉంది, ఓ మూల దూరాన గ్యాసు బావి మీద మండే మంట ఎర్రజీర. మాస్టారికి ఇలాంటిదా ఇవ్వడం అనుకున్నాను. ఎర్రజీర తీసేసి, పెళ్లి ఆల్బముల్లో వేసే నీలం దట్టించి, పెద్ద చుక్కలకి మెరుపు పెట్టి, మిగతాది శుభ్రం చేసి పట్టుకెళ్లాను.

మాస్టారు భూతద్దంతో చాలాసేపు వెతికారు. ఒక్కసారిగా ముఖం వెలిగిపోయింది.

"చూసేవా! కెమెరాకీ కనబడలేదు! మంచేరా, అంతా మంచే! ఆ డాక్టరు ఊరికే హడలగొట్టేడు. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు."

అప్పుడు తెలిసొచ్చింది నాకు. పాత ఫోటోల అలవాటు కొద్దీ పిల్లలకోడిని బూజు మచ్చలనుకుని తుడిచేసింది నేనే. ఆయన సంతోషం చూసి ఆ సంగతి దాచేశాను. కాఫీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

స్టూడియోకి వచ్చి అసలు ఫోటో మళ్లీ తెరిచాను. ఈసారి బూడిదరంగు బూడిదరంగులాగే ఉంచాను. ఎర్రజీర ఉంచాను. మసక చుక్కలు మసకగానే ఉండనిచ్చాను. పని తక్కువే గానీ చెయ్యి కట్టేసుకోవడానికి సాయంత్రమయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, "నిన్నటి ఫోటోలో చుక్కలు నేనే చెరిపేశానండి. బూజనుకున్నాను, క్షమించండి," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. కొత్త ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, భూతద్దం కింద వేలు పెట్టి లెక్కపెట్టారు. ఆరు చుక్కలు.

"రాత్రి ఆ చోట నాకు ఒక్కటీ కనబడలేదురా," అన్నారు మెల్లిగా.

ఫోటో బల్ల మీద పెట్టేశారు.

"కాకినాడ బస్సు ఎన్నింటికుంది? నువ్వు కూడా రా. ఒక్కణ్ణీ వెళ్లలేను."