నాగక్క నవ్విన సీరియల్

నాగక్కకు ఏడు గంటల సీరియల్ అంటే ప్రాణం. పొద్దంతా సోలార్ ప్లేట్లు తుడిచి, ఒళ్లు హూనమై ఇల్లు చేరే మనిషికి ఆ అరగంటే పండగ. అందులో లావుపాటి మొగుడు ఒకటంటే గయ్యాళి పెళ్లాం పది అంటుంది. ఊళ్లో ఎవరు పోయినా సీరియల్ అయ్యాకే పరామర్శకు కదిలే రకం నాగక్క.

ఆ సాయంత్రం అల్లుడు మధుకుమార్ హొసకోట నుంచి బండి మీద దిగాడు. వాడి దెబ్బలకు తాళలేక పుట్టింటికి వచ్చేసిన మంజుశ్రీని తీసుకుపోతాడట, మహానుభావుడు! "సంసారమన్నాక సర్దుకోవాల" అని కూతుర్ని ఒప్పించింది నాగక్కే. సీరియల్ మధ్యలో లేవాల్సి వస్తుందని ముందే కూతురికి ఒడిబియ్యం పోసి, కొంగు ముడి వేసేసింది. ఆ ముడి అత్తింట్లోనే విప్పాలి. ఇంత తొందరపడిన తల్లిని ఏమనాలి చెప్పండి!

మొదటి సగం భలే సాగింది. పెళ్లాం మొగుడి మొహానికి పిండి పులిమింది. వాడు పప్పుగుత్తి పట్టుకుని ఇల్లంతా తరిమి, దాని వీపు వాయించాడు. నాగక్క పొట్ట పట్టుకుని నవ్వింది. అల్లుడూ నవ్వాడు. మంజుశ్రీ నవ్వలేదు.

రెండో సగంలో ఆ గయ్యాళి కాస్తా ఏడ్చుకుంటూ వచ్చి మొగుడి కాళ్ల మీద పడింది. నాగక్కకు ఒళ్లు మండింది.

"థూ! దీని రోషం యాడ పాయె?"

"బాగానే ఉండాది కదత్తా. చూసినావా మంజూ, ఆడదంటే అట్లుండాల. ఏదీ, నువ్వూ పట్టుకో," అని కాలు చాపాడు మధుకుమార్.

మంజుశ్రీ కదల్లేదు. వాడు జుట్టు పట్టి వంచి మొహాన గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. కొంగు ముడి ఊడి బియ్యమంతా నేలపాలైంది.

నాగక్క మూలనున్న ప్లేట్లు తుడిచే పొడుగు కర్ర అందుకుంది. అల్లుడి భుజం మీద ఒకటి, మోకాలి మీద ఒకటి.

"అత్తా, ఏంది ఇది!"

"నా ఇంట్లో, నా కండ్ల ముందరే నా బిడ్డను కొడతావేంరా!"

వాడు కర్ర లాక్కోబోతే మోచేత్తో పొడిచింది. ముక్కు పగిలింది. వాడు కింద పడ్డా వదల్లేదు. ఇరుగుపొరుగు వచ్చి పట్టుకునేదాకా బాదుతూనే ఉంది. వాడు కుంటుకుంటూ బండెక్కి, "దీన్ని ఇంక ఏలుకోను!" అని అరుస్తూ పోయాడు.

"పో, పీడా పాయె!" అని వాడి వెనకే ఉమ్మింది.

జనం వెళ్లాక తడిగుడ్డ తెచ్చి కూతురి పెదవి తుడవబోయింది. మంజుశ్రీ మొహం తిప్పుకుంది.

"కొట్టినావు, మంచిపని చేసినావు. నేనింక ఆడికి పోను. కానీ టీవీలో వాడు ఆయమ్మను బాదేటప్పుడు నువ్వు నవ్వినావే, అప్పుడు నీ అల్లుడు నీ పక్క చూసి నవ్వినాడమ్మా. నాకు భయమేసింది అప్పుడే."

నాగక్క గుడ్డ పట్టుకుని అట్లాగే కూలబడింది.

"అవును తల్లీ, నవ్వినాను," అంది. ఆ తరవాత ఆమె ఏడుపు ఆపడం కూతురి వల్ల కూడా కాలేదు.