పచ్చాకు ఆరని కారు

ఉదయగిరిలో పెంచలప్రసాద్‌ను ఎరగనివాళ్లు ఉంటే ఉండవచ్చు గానీ, ఆయన కారు వెనక ఇరుక్కుని పళ్లు కొరుక్కోనివాళ్లు మాత్రం లేరు. ఎరువుల కొట్టు యజమాని, పదిమందిలో పెద్దమనిషి, ఎవరి జోలికీ పోడు. ఉన్నది ఒకటే జబ్బు. ఆయన కారులో ఈకో అని ఒక బటన్ ఉంది. అది నొక్కి, యాక్సిలరేటర్ మీద కాలు పసిపిల్లవాడి తల మీద చెయ్యి వేసినంత మెత్తగా ఆనిస్తే స్టీరింగ్ వెనక ఒక పచ్చాకు బొమ్మ వెలుగుతుంది. పెట్రోలు ఆదా అవుతోందని దాని అర్థం. కాలు కాస్త బరువైతే చాలు, ఆకు ఆరిపోతుంది. లోకం తలకిందులైనా ఆ ఆకు ఆరకూడదు. అదీ ఆయన జబ్బు.

ఆత్మకూరు రోడ్డు మీద ఆయన్ని బస్సులు దాటేవి, లారీలు దాటేవి, అనుమసముద్రంపేట దర్గాకు జనాన్ని కుక్కుకుని పోయే ఆటోలు దాటేవి. ఒకసారి గడ్డిమోపు వేసుకుని పోతున్న మోపెడ్ ఆసామి ఆయన్ని దాటి, కొంతదూరం పోయి, మనసొప్పక వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏందన్నా, బండి చెడిపోయిందా? తొయ్యమంటావా?"

"చెడిపోలేదబ్బయ్యా, ఆకు వెలుగుతుండాది" అన్నాడు పెంచలప్రసాద్ సంతోషంగా. మోపెడ్ ఆసామికి ఏమీ అర్థం కాక దండం పెట్టి వెళ్లిపోయాడు.

జలదంకిలో బంధువుల పెళ్లికి బయల్దేరినప్పుడు మరీ ఘోరం జరిగింది. భార్యాభర్తలు ఊరి పొలిమేరకు చేరేసరికి పెళ్లికూతురు అత్తారింటికి పోతూ ఎదురైంది. సుకుమారి కారు అద్దం దించి, ఎదుటి కారు అద్దంలోంచే ఆ పిల్ల మీద నాలుగు అక్షింతలు విసిరి, అద్దం ఎత్తేసి, మొగుడి వైపు తిరిగింది.

"ముందే చెప్పుంటే నిన్ననే బయల్దేరుదుము గదయ్యా!"

"అది సరే, దోవంతా ఒక్కసారన్నా ఆకు ఆరిందా, నువ్వే చెప్పు."

బరువు పెరిగితే కాలు గట్టిగా నొక్కాల్సి వస్తుంది, నొక్కితే ఆకు ఆరుతుంది. కాబట్టి కారులో బరువన్నది పాపం. స్టెప్నీ ఇంట్లో మంచం కిందికి చేరింది. డాష్‌బోర్డు మీది ఇత్తడి వినాయకుడు కొట్టుకు బదిలీ అయి, ఆయన స్థానంలో కాగితం వినాయకుడు వచ్చాడు. సుకుమారి ఎక్కే ముందు చేతిసంచి చూపించాలి.

"ఈ నీళ్ల సీసా ఎందుకు? తాగేదేదో ఇక్కడే తాగి ఎక్కు."

"తాగినా ఆ నీళ్లు నాతోపాటు కారే గదయ్యా ఎక్కేది?"

పెంచలప్రసాద్ దీనిమీద చాలాసేపు ఆలోచించాడు. సీసా మాత్రం గడప దాటలేదు.

ఇలాంటి ఇంటికి అశ్విత సెలవులకు వచ్చింది. పెంచలప్రసాద్‌కు స్వయానా చెల్లెలి కూతురు. నెల్లూరులో కార్ల షోరూములో ఉద్యోగం. బస్టాండులో దిగిన మేనకోడలిని ఇంటికి తీసుకురావడానికి ఆయన కారు తీసుకుపోయాడు. నడిచి వచ్చినా ఆపాటికి చేరేదాన్నని అశ్విత లెక్కకట్టింది.

"మామా, ఈ బటన్‌కు అంత సీను లేదు" అంది దిగుతూ. "అది నొక్కితే పెడల్ కొంచెం బద్ధకిస్తాది, ఏసీ కొంచెం తగ్గుతాది. అంతే. మిగిలేదంతా నీ కాలు దగ్గరే మిగిలేది. నీలాగా తోలేవాడికి బటన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నువ్వు గమ్మునుండు మే. నీకేం తెల్సు?"

"రోజూ అవే అమ్ముతుండాను మామా!"

ఆ రాత్రి భోజనాల దగ్గర సుకుమారి మేనకోడలికి ముద్దపప్పు వడ్డిస్తూ వాపోయింది. "కారు కొన్నప్పుడు ఇట్టా లేడు మే. రయ్యిమని తోలేవాడు. నిరుడు నుంచి పట్టుకునింది ఈ పిచ్చి. దానికి తోడు మంగళవారం, శుక్రవారం వచ్చిందంటే కొట్టు నౌకర్ల మీద వదిలేసి ఆత్మకూరు పోతాడు. ఏం పనని అడిగితే పని అంటాడు."

మర్నాడు బస్టాండు దగ్గర ఓబయ్య టీ కొట్లో ఈ వాదన మళ్లీ రేగింది. ఓబయ్య టీ ఎలా కాచినా గొడవలు మాత్రం చిక్కగా కాస్తాడు.

"ఇన్ని మాటలు దేనికి? పరీక్ష పెట్టండి" అన్నాడు. "ఒకరోజు బటన్ నొక్కి ఆత్మకూరు పోయిరండి, ఒకరోజు నొక్కకుండా పోయిరండి. రెండుసార్లూ ట్యాంకు నిండా పోయించి బయల్దేరండి, తిరిగొచ్చి మళ్లీ నిండా పోయించండి. ఎంత పట్టిందో అంతే తాగినట్టు."

"పరీక్ష ఎందుకు ఓబయ్యా ఇప్పుడు..." అని పెంచలప్రసాద్ నసిగాడు.

ఆయన నసగడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు. దాంతో టీ కొట్టు మొత్తానికి ఉత్సాహం వచ్చింది. శనివారం సాయంత్రం అక్కడే ఫలితం చెప్పాలని తీర్మానం చేసేశారు.

గురువారం బటన్ నొక్కకుండా మామాకోడళ్లు ఆత్మకూరు పోయి వచ్చారు. ఆకు లేకపోయినా పెంచలప్రసాద్ కాలికి అలవాటు పోలేదు. ఆటోలు ఎప్పటిలాగే దాటిపోయాయి.

శుక్రవారం అశ్విత కారెక్కబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"ఇయ్యాళ వద్దు. రేపు పోదాం."

"రేపు సాయంత్రమే గదా ఫలితం చెప్పాల్సింది. ఈ రోజే పోవాల."

"అట్టయితే వెనక కూర్చో. ముందు సీటు ఖాళీగా ఉండాల."

ముందు సీటు వైపు చూసిన అశ్విత కళ్లు నులుముకుంది. సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, గోనెసంచిలో చుట్టి ఒక రుబ్బురోలు పొత్రం ఉంది. నల్లటి రాతి పొత్రం. నీళ్ల సీసాను దింపేసిన మనిషి, వినాయకుణ్ణి ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి, కారులో పొత్రం పెట్టుకుని తిరుగుతున్నాడు!

"మామా, ఇదేంది?"

"నిన్న దించి ఉన్నాలే. ఇయ్యాళ కావాల" అన్నాడు పెంచలప్రసాద్. ఆ మాటతోనే బండి స్టార్ట్ చేశాడు.

ఊరి బయట అడ్డరోడ్డు దగ్గర ఒక పెద్దాయన చేతిసంచితో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత, సన్నబడిన ఒళ్లు. కారు ఆగగానే హక్కుగా ముందు తలుపు తీశాడు.

"ఆలస్యమైందేరా పెంచలా?"

"మా కోడలు వచ్చిందిరా. అశ్విత. ఈయన శీనయ్య మే, బడిలో నా పక్కనోడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనాడు."

శీనయ్య సీట్లో కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, ఊపిరి బిగించి, స్టీరింగ్ వెనకకు తొంగిచూశాడు. కారు కదిలింది. పచ్చాకు వెలిగింది. అప్పుడు గాని ఆయన వెనక్కి వాలలేదు.

"చూసినావా అమ్మాయ్?" అన్నాడు గర్వంగా. "నేను ఎక్కితేనే వెలుగుతాది అది. ముందు సీట్లో బరువు లేకుంటే ఈ బండికి మైలేజీ రాదు. మీ మామ ఒకటే బతిమాలుకున్నాడు, వచ్చి కూర్చోరా, నీకు పుణ్యముంటాదని. నాకు గూడా మంగళవారం, శుక్రవారం ఆత్మకూరు ఆసుపత్రిలో డయాలసిస్ ఉండాది గదా, పోనీలే పాపమని వస్తుండాను."

అశ్విత నవ్వబోయి, అద్దంలో మామ కళ్లు చూసి ఆగిపోయింది. బరువు పెరిగితే మైలేజీ తగ్గుతుందని షోరూములో చీపురు పట్టుకునేవాళ్లకు కూడా తెలుసు. ఆ కళ్లు మాత్రం నోరు మూసుకోమని దండం పెడుతున్నాయి.

అంతలో చిన్న ఎత్తు వచ్చింది. ఆకు ఒక్క క్షణం మినుకుమంది. శీనయ్య గబుక్కున వంగి పొత్రాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చాల్లేదురా పెంచలా! బక్కచిక్కినాను గదా. చెప్పినా నీకు, నేను ఇంక పనికిరానని. ఇంకెవరినన్నా చూసుకో, నేను బస్సులో పోతా."

"ఏం కాలేదు, ఉండరా నాయనా!" అంటూ పెంచలప్రసాద్ కాలు ఎంత మెత్తగా తీశాడంటే, వెనకనించి వచ్చిన ఆటో హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయింది. ఆకు మళ్లీ వెలిగింది. మామ నుదుటి మీది చెమట చూసింది అశ్విత. ఆ ఆకు ఆరితే ఏమి ఆరిపోతుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి దగ్గర శీనయ్య దిగి లోపలికి పోయాడు. పెంచలప్రసాద్ కారును నీడకు పెట్టి, సీటు వెనక్కి వాల్చి, పేపరు తీశాడు. ఆత్మకూరులో ఆయన పని అదే.

"చెప్పు మామా" అంది అశ్విత.

"ఏం చెప్పేది? బస్సులో తిరుగుతూ ఒకసారి ఇక్కడ బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయినాడు. నా కారులో రారా అంటే రాడు. పని లేకుండా దేన్నీ ఎక్కింది లేదు, స్తంభం ఎక్కినా పనికే ఎక్కినాను అంటాడు. వాడి సంగతి చిన్నప్పటినించీ తెల్సు. బడిలో నా అన్నం పెడితే, నా లెక్కలు చేసి ఇస్తే గాని తినేవాడు కాదు." ఆయన పేపరు మడిచాడు. "ఏం చేసేది మరి? కారులో ఆకు కనపడింది. నీ బరువు లేకపోతే వెలగదన్నాను. నమ్మినాడు. అప్పటినించి అది ఆరితే వాడు దిగిపోతానంటాడు."

"మరి మిగతా రోజులు గూడా ఎందుకట్టా తోలతావు?"

"కాలికి అలవాటు తప్పితే ఎట్టా? పైగా ఒక్కరోజు రయ్యిమని తోలితే, నా ఆకు పిచ్చంతా ఉత్తదేనని సాయంత్రానికి వాడి చెవిన వేస్తారు."

"అత్తకన్నా చెప్పొచ్చు గదా?"

"మీ అత్తకు చెప్తే మైకు పెట్టి చెప్పినట్టే."

"ఆ పొత్రం?"

పెంచలప్రసాద్‌కు నవ్వు ఆగలేదు. "డయాలసిస్‌లో ఒంట్లో నీళ్లు తీసేస్తారు గదా. పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు తేలికైపోతానంటాడు. తీసినంత బరువు సరిపెట్టాల గదా అని వాడి ఇంట్లో పొత్రం తెచ్చి పెట్టినాడు. తక్కువ తూకంతో కూర్చోడు వాడు! పాపం వాడి పెళ్లాం మాలకొండమ్మ రోట్లో పచ్చడి నూరుకుని ఎన్నాళ్లయిందో."

అశ్విత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తిక్కలోడని ఊరంతా నవ్వే ఈ మనిషి మీద ఆమెకు పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. రేపు సాయంత్రం టీ కొట్లో ఫలితం చెప్పాలి.

తిరుగు ప్రయాణంలో శీనయ్య వణుకుతూ, పొత్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏసీ వేస్తే ఆకు ఆరుతుందని సాకు చెప్పి పెంచలప్రసాద్ దాన్ని ముట్టుకోలేదు. అడ్డరోడ్డు దగ్గర దిగుతూ శీనయ్య అన్నాడు: "రేపు పరీక్ష ఫలితమంట గదా అమ్మాయ్. నేను గూడా వస్తా. అందులో నా సంగతి గూడా ఉండాది గదా."

పెట్రోలు బంకులో ట్యాంకు నింపారు. గురువారానికీ శుక్రవారానికీ తేడా ఓబయ్య టీ గ్లాసు నిండేంత కూడా లేదు. అశ్విత చెప్పిందే నిజమైంది. తన మాట నెగ్గినందుకు ఆమె అంత దిగులు పడటం అదే మొదలు.

శనివారం టీ కొట్టు కిటకిటలాడింది. శీనయ్య ఇస్త్రీ చొక్కాతో బెంచీ చివర కూర్చున్నాడు. పెంచలప్రసాద్ టీ తాగడం మరిచి గ్లాసును తిప్పుతున్నాడు.

"చెప్పమ్మా! బటన్‌తో మిగిలిందా, లేదా?" అన్నాడు ఓబయ్య.

"బటన్‌తో ఏం మిగల్లేదు" అంది అశ్విత.

కొట్టు గొల్లుమంది. శీనయ్య తల దించుకున్నాడు. లేవబోతూ బెంచీ అంచు పట్టుకున్నాడు.

"ఉండండి, మొత్తం వినండి! ఉత్త బటన్‌తో ఏం మిగలదు. గురువారం ముందు సీట్లో నేను కూర్చున్నాను. బండి లెక్కచెయ్యలేదు. నిన్న శీనయ్య మామ కూర్చున్నాడు. అప్పుడుండాది అసలు సంగతి. ఆకు ఎట్టా వెలిగిందో నేను కళ్లారా చూసినాను. షోరూములో పని చేసేదాన్ని, నా మాట నమ్మండి."

ఓబయ్య నోరు తెరిచాడు. "అయితే ఎవురు కూకున్నా వెలుగుతాదా? మా అవ్వను కూకోబెడితే?"

"ఎవరంటే వాళ్లు కుదరదు. అలవాటైన మనిషి కావాల."

శీనయ్య మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. వీపు నిటారుగా అయింది. చుట్టూ ఒకసారి కలయజూశాడు. "నేను మొదటినించీ చెప్తానే ఉండాను" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "మరి ఆ పొత్రం సంగతేంది అమ్మాయ్? బరువు తగ్గుతుండాను గదా."

"మనిషి బరువే లెక్క మామా" అంది అశ్విత. "రాయి బరువు బండి లెక్కలోకి తీసుకోదు. మీరు ఎంత తగ్గినా మీరు కూర్చుంటే చాలు."

పెంచలప్రసాద్ అప్పుడు టీ తాగాడు. అది చల్లారి చాలాసేపైంది. ఇంత మంచి టీ ఓబయ్య జన్మలో కాయలేదని మెచ్చుకున్నాడు.

మంగళవారం అశ్వితను ఆత్మకూరులో నెల్లూరు బస్సు ఎక్కించాలని కారులో తీసుకుపోయాడు మామ. అడ్డరోడ్డు దగ్గర శీనయ్య ఎక్కాడు. పొత్రం లేదు. దాని బదులు చేతిలో స్టీలు గిన్నె ఒకటి ఉంది. పచ్చి టమాటా పచ్చడి వాసనకు కారంతా ఘుమఘుమలాడింది.

"ఇదేందిరా, బరువు?" అన్నాడు పెంచలప్రసాద్ అలవాటుగా.

"మాలకొండమ్మ నీకని నూరింది. తినెయ్. నీ పొట్టలో పడితే ఇంక గిన్నె బరువే గదా."

పెంచలప్రసాద్ మేనకోడలి వైపు చూశాడు. ఈ లెక్క సుకుమారి నీళ్ల సీసా నాడు వేసిన లెక్కకు పూర్తిగా అడ్డం. అయినా ఆయన వేలితో పచ్చడి తీసి నాకాడు. కారు కదిలింది. పచ్చాకు వెలిగింది. దర్గాకు పోయే ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

"పోనీరా, వాడి ఆకు ఎప్పుడో ఆరిపోయుంటాది" అన్నాడు శీనయ్య.