వాటా వద్దన్న పిల్ల: యారాడలో ఒక ఆదివారం

మా ఫోర్‌మన్ ఒకరిని కనిపెట్టుకుని ఉండమన్నాడు కాబట్టి నేను మొదటిసారి యారాడ వెళ్లాను. ఎనభైల మొదటి రోజులవి. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ, హార్బరు దగ్గర పడవల ఇంజన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ట్రైనింగు చేస్తున్నాను. ఆ షెడ్డులో అడుగుపెట్టిన మొదటి ఆడపిల్లని నేనే. నా ట్రైనింగు సవ్యంగా గడిస్తే తమకూ తలుపు తెరుచుకుంటుందని మా కాలేజీలో ఇద్దరు జూనియర్ అమ్మాయిలు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఆస్ట్రియా నుంచి మార్తా అనే విద్యార్థిని రెండు నెలల ట్రైనింగుకి వచ్చింది. సొంత భాష జర్మన్, మాతో మాట్లాడేది ఇంగ్లీషు. ఆడపిల్లకి ఆడపిల్ల తోడని ఆమెను నాకు అంటగట్టారు.

"వారమంతా నా కళ్లముందరే ఉంటది. శని ఆదివారాలు మాత్రం నీ పూచీ," అన్నాడు ఫోర్‌మన్. "నేవీ ఉన్న ఊరమ్మా ఇది. ఒక్క కంప్లైంటు వొచ్చినాదంటే మీ ఇద్దరి ట్రైనింగూ రద్దే. ఆ పిల్ల ఏటి సూసింది, ఏటి అడిగింది, సోమారం పొద్దున్నే నాకు సెప్పాల." నేను బుద్ధిగా తలూపాను. నా ట్రైనింగు పోతే నాతోపాటు ఆ ఇద్దరు జూనియర్ల దారీ మూసుకుపోతుందని నాకు తెలుసు.

నిజానికి అనుమానించడం నాకు ఫోర్‌మన్ నేర్పక్కర్లేదు. మాది కృష్ణా జిల్లా. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి వచ్చారు. ఉక్కునగరంలో క్వార్టర్లు ఇంకా గోడల దాకానే లేచాయి కాబట్టి మద్దిలపాలెంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ పాలల్లో వేలు ముంచి చూడందే తపేలా లోపలికి తీసుకెళ్లేది కాదు. పాలవాడు మారినా, ఊరు మారినా ఆ వేలు మారలేదు. నాది ఆ పెంపకం.

ఇక మార్తా సంగతి. మొదటి వారం సింహాచలం, రెండో వారం భీమిలి తిరిగాం. గుడి చూసినా, రేవు చూసినా ఆమె అడిగేది ఒకటే: ఇక్కడ లోతెంత, గాలి ఎటునుంచి, పోటు ఎప్పుడు? సముద్రమే లేని దేశం నుంచి వచ్చిన పిల్లకి లోతు లెక్కలెందుకని నా బుర్ర తొలిచేసేది. పైగా మెడలో కెమెరా. అయితే అనుమానంలో ఆమె నాకేమీ తీసిపోదు. కాచిన నీళ్లయినా వాసన చూసి తాగేది. తొక్క ఉన్నది కాబట్టి అరటిపండ్లు తప్ప బయట ఏదీ ముట్టేది కాదు. నేను పక్కకు వెళ్లి ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడితే, ఏం మాట్లాడావని తప్పకుండా అడిగేది. ఇద్దరం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఊళ్లు చూశాం.

మూడో ఆదివారం యారాడ వెళ్దామంది మార్తా. పొద్దున్నే మద్దిలపాలెంలో బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగాం. టిక్కెట్టు రూపాయికి లోపే. అక్కణ్ణుంచి రేవుకి నడిచి, ఓడలు వచ్చే కాలువ దాటించే పడవ ఎక్కాం. మనిషికి పావలా. ఎక్కేముందే కెమెరా సంచిలో పెట్టించాను. కాలువ మధ్యకి రాగానే మార్తా నీళ్లలోకి వంగి, లోతెంతో కనుక్కోమంది. అడగనని చెప్పాను. ఆమె ఊరుకుంటుందా? వేలు నీళ్లవైపు చూపించి, చేతులు పైకీ కిందకీ ఆడించి తనే అడిగింది.

పడవాయన తెడ్డు ఆపి నావైపు తిరిగాడు. "ఏటమ్మా, లోతు అడుగుతన్నాదా? దేనికట?"

"ఈత రాదు, భయం," అన్నాను.

"బయపడే మొకమేనేటి అది?" అని ఆయన మళ్లీ తెడ్డు వేశాడు. ఒడ్డు చేరేదాకా మార్తా మీంచి చూపు తిప్పలేదు. నేనూ తిప్పలేదు.

అవతల దిగాక డాల్ఫిన్స్ నోస్ కొండ మీదుగా కాలిబాట. వానలు తెరిపిచ్చిన రోజులు కావడంతో ఎర్రమట్టి కాళ్లకింద జారుతోంది. తాపీగా నడిస్తే గంటన్నర. నీళ్లు వెంట ఉండాలి, దారిలో కొట్లు లేవు. పైనుంచి చూస్తే ఒకవైపు హార్బరు, ఓడలు, క్రేన్లు, రెండోవైపు ఒక్క మనిషి అలికిడి లేని నీలం. మార్తా సంచిమీద చెయ్యి వేసింది. వద్దన్నట్టు చూశాను. చెయ్యి తీసేసింది కానీ మొహం ముడుచుకుంది. నాకు జాలి వెయ్యలేదు. నా సర్టిఫికెట్టు ఆ సంచిలోనే ఉన్నట్టు అనిపించింది.

దిగువన ఊళ్లోకి వెళ్లేసరికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. పడవలో వలను తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వేస్తారు. దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డునుంచి రెండు వరసల మనుషులు లాగుతారు. ఆడా మగా అందరూ ఉన్నారు. నేను ఇంకా చెప్పులు విప్పుతుండగానే మార్తా సంచి నా ఒళ్లో పడేసి, గబగబా వెళ్లి వరస చివర తాడు పట్టుకుంది. అడగలేదు, పెట్టలేదు. పక్కనున్నవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తాడు మాత్రం ఆగలేదు. వాళ్లు "హైలెస్స" అంటే ఆమె ఏదో అంటూ వెనక్కి అడుగులు వేసింది. ఆ ఎండలో ఒక గంటపాటు చెయ్యి వదల్లేదు. నేను ఎండుచేపలు తిరగేస్తున్న పోలమ్మ అనే ముసలామె పక్కన కూర్చుని కాపలా కాశాను.

"ఈ తెల్లగుంట ఎవుర్తే?" అంది పోలమ్మ.

"చదువుకోవడానికి వచ్చింది, మామ్మా."

"సదువుకోడానికొచ్చి తాడు లాగుతాదేటి? మొన్న కూడా ఒకడొచ్చినాడు. బొమ్మలు తీసుకున్నాడు, ఎల్లిపోనాడు. రెండోనాడే సోదా వోళ్లొచ్చి మా ఇళ్లన్నీ తిరగేసినారు. ఓడల కాడ దొంగసరుకు దిగిందట, మా కుండల్లో ఎతికినారు." ఆమె సంచివైపు చూసింది. నేను దాన్ని కొంచెం దగ్గరికి లాక్కున్నాను.

వల ఒడ్డుకొచ్చింది. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్నచేపలు, నాలుగు పెద్ద పార చేపలు. వల లాగించే పెద్ద నూకరాజు, చెవులకు పోగులున్న మనిషి. పడవకింత, వలకింత తీసి పక్కన పెట్టి, మిగతాది ఇసుకమీద కుప్పలు వేయించాడు. తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒక కుప్ప. అది అక్కడి కట్టుబాటు. మార్తాకీ ఒకటి వేసి, "ఇంద, నీది" అని చూపించాడు. అందులో ఎక్కువ తక్కువ లేదు. పక్కవాళ్లకి ఎంతో ఆమెకూ అంతే.

మార్తా తల అడ్డంగా ఊపింది. వద్దంది. ఆయన మళ్లీ చూపించాడు. ఆమె ఈసారి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

నూకరాజు మొహంలో నవ్వు పోయింది. "వాటా వొద్దంటాదేటి? మా ఊళ్లో తాడు పట్టి వాటా వొద్దన్న మనిషిని నాను సూళ్లేదు. సేపలకి రాలేదంటే మరి దేనికొచ్చినట్టు?" అన్నాడు. కుప్పలు ఎత్తుకుంటున్నవాళ్లు ఎక్కడివక్కడ వదిలేసి మా చుట్టూ చేరారు. ఆయన వెనకనుంచి ఎవరో, "కొండమీద నేవీ గార్డులకి అప్పజెప్పీ బావా, ఆలే తేలుత్తారు," అన్నారు. అక్కడ మా పేర్లు రాసుకుంటే సోమవారం ఫోర్‌మన్ టేబుల్ మీద అదే మొదటి కబురు.

మార్తా దగ్గరికి వెళ్లి, "తీసుకో, లేకపోతే మనల్ని వదలరు," అని ఇంగ్లీషులో చెప్పాను.

"తీసుకోను. ఈ దేశంలో పని చేసి కూలి తీసుకోనని వీసా కాగితాల మీద సంతకం పెట్టాను. డబ్బయినా, వస్తువయినా. తీసుకుంటే నన్ను వెనక్కి పంపేస్తారు," అంది. తర్వాత నా కళ్లలోకి చూసి గొంతు తగ్గించింది. "ఇది నువ్వు పెట్టిన పరీక్ష కాదు కదా?"

ఒళ్లు మండింది నాకు. నెత్తళ్ల కుప్పతో ఎవరైనా ఎవరికైనా పరీక్ష పెడతారా? కూలి వేరు, వాటా వేరని అంత ఎండలో, అంతమంది మధ్య ఏ ఇంగ్లీషులో చెప్పను?

ఈలోగా పోలమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. "ఒరే నూకరాజూ, వాటా మనిషి తీసుకోకపోతే అయినోళ్లు తీసుకోవొచ్చు గదరా. మొన్న నీకు జొరమొస్తే నీ తమ్ముడు తీసుకోనేదా?" అని నావైపు తిరిగింది. "ఈ గుంట నీకేటవుద్దే?"

అందరూ నా నోటివంక చూశారు. నాకేమీ కాదు అంటే సరిపోయేది. అది నిజం కూడా. కనిపెట్టమని పంపారు, కనిపెడుతున్నాను అంటే నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆమెను గార్డులకు అప్పజెప్పేవాళ్లు. అప్రమత్తంగా ఉన్నానని ఫోర్‌మన్ నన్ను మెచ్చుకునేవాడు, నా ట్రైనింగు నిలిచేది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ మార్తా అప్పుడు వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చి పావడాకి తుడుచుకుంది. రెండు అరచేతులూ తాడుకి ఒరుసుకుపోయి తోలు లేచాయి. లోతు లెక్కలు పట్టుకెళ్లడానికి వచ్చిన మనిషైతే పక్కన నిలబడి చూస్తుంది గానీ, ముక్కూమొహం తెలియనివాళ్ల వల కోసం చేతులు ఒలుచుకుంటుందా? నా అనుమానపు బుర్రకే ఆ సంగతి తట్టింది.

"మా చెల్లెలు," అన్నాను.

"తెల్లతోలు సెల్లెలా?" అన్నాడు నూకరాజు.

"అవును."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ ఊరు? ఏ పేట?" చెప్పాను. మద్దిలపాలెంలో డిపో వెనక సందు, నాన్న పేరు, అన్నీ. "సెల్లెలైతే దాని మంచీ సెడ్డా నీయే. రేపు మా వాడకి ఏటైనా వొచ్చినాదంటే నీ గుమ్మంలోకొచ్చి అడుగుతాం."

"రండి," అన్నాను.

అంతే, గుంపు విడిపోయింది. పోలమ్మ మార్తా కుప్పను తాటాకు బుట్టలోకి ఎత్తి నా చేతికిచ్చింది. ఆ వాటా నేను తీసుకున్నాను.

తిరుగుదారిలో కొండ సగం ఎక్కాం. అక్కడేం చెప్పావని మార్తా అడిగింది. చెప్పాను. ఆమె నడక ఆపేసింది. వాళ్ల ఊరు సరిహద్దు పక్కనట. అత్త సరిహద్దుకు అవతలి కమ్యూనిస్టు దేశంలో ఉంటుందట. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్తే, బజారుకెళ్లినా చెరువుకెళ్లినా ఎవరో ఒకరు తోడుగా వచ్చేవాళ్లట. "చాలా మర్యాదగా ఉండేవాళ్లు. దారి చూపించేవాళ్లు. సాయంత్రం వెళ్లి మేం ఏం అడిగామో, ఏం చూశామో చెప్పేవాళ్లు. నువ్వూ అలాంటిదానివేనని నాకు మొదటి శనివారమే తెలుసు," అంది. కాదనలేదు నేను. "వాళ్లలో ఎవరూ ఎప్పుడూ మమ్మల్ని చెల్లెలు అనలేదు," అని, నా చేతిలోంచి బుట్ట తీసుకుని తోలు లేచిన చేతుల్తోనే మోసుకుంటూ ముందు నడిచింది. నాకు ఏడుపొచ్చింది. వెనక నడిచాను కాబట్టి ఆమె చూడలేదు.

పొద్దు గుంకకముందే రేవు పడవ అందింది. ఆ రాత్రి మా ఇంట్లో అమ్మ నెత్తళ్లు వేయించి, కవళ్లు పులుసు పెట్టింది. మార్తా వాసన చూడకుండా తింది. అమ్మే రెండుసార్లు వాసన చూసింది.

సోమవారం పొద్దున్నే ఫోర్‌మన్ పిలిచాడు. "ఏటి సూసిందమ్మా?"

"నెత్తళ్లు సార్."

"ఏటి అడిగింది?"

"మా అమ్మని ఉప్పు అడిగింది."

ఆయన ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూసి, పొమ్మన్నాడు. ఆ తర్వాత మిగిలిన ఆదివారాలన్నీ ఇద్దరం తిరిగాం. నేను మళ్లీ ఏమీ చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు. మరుసటి ఏడు ఆ షెడ్డులోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు.

ఇప్పుడు యారాడకి సింధియా మీదుగా రోడ్డుంది, ఆటోలు వెళ్తాయి. పాత పడవ దారి దొరుకుతుందో లేదో రేవు దగ్గర అడిగి చూసుకోండి. అలలు మోసం చేసే తీరం, లోపలికి దిగకండి. అనుమానం మంచిదే, నేను ఇప్పటికీ పాలు చూసే తీసుకుంటాను. మార్తా ఆ లోతులన్నీ ఎందుకు అడిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు, కొంచెం అనుమానం ఉంది కూడా. కానీ ఆ ఊళ్లో నన్ను అడిగింది ఆమె ఎలాంటిదని కాదు, నాకేమవుతుందని. ఆ ప్రశ్నకి జవాబు రుజువులు చూసి చెప్పేది కాదు, ముందు చెప్పి తర్వాత నిలబడాల్సిందని అక్కడే తెలిసింది. ఇక వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. ఒడ్డున వల లాగుతుంటే సరదా పుట్టి తాడు పట్టుకున్నారా, వాటా ఇచ్చినప్పుడు వద్దనకండి. తీసుకోవడం ఇష్టం లేకపోతే తాడు పట్టుకోకండి.